పిఠాపుర ప్రభువు సూర్యారావు బహద్దరుగారు

కాకినాడలో చదువుకొని, ఉద్యోగరీత్యా సముద్రము దాటి పోర్టుబ్లెయిరు చేరిన ఆంధ్రులలో పి. ఆర్. కళాశాల పేరు ఎరుగనివారుండరు. ఆ అక్షరములు పిఠాపురము రాజావారిని సూచించునని తెలిసినవారును పెక్కురు. కాని ఆ కళాశాలను పోషించిన ధనము ఎట్లు వచ్చెను, ఎవరి సలహాపై వ్యయమయ్యెను, ఇచ్చిన పిమ్మట దానిపై అధికారమెవరిది అను విషయములు శిలాఫలకములపై చెక్కబడవు. దాతల పేరు వినినంతనే చేతులు జోడించుట మనలో కొందరి యలవాటు. జమీందారు అనినంతనే పెదవి విరచుట మరికొందరి యలవాటు. శ్రీ రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరుగారి చరిత్ర ఈ రెండలవాటులకును లొంగునది కాదు.

గోదావరి మండలమందలి పెద్ద సంస్థానములలో పిఠాపుర మొకటి. కుక్కుటేశ్వరస్వామి వెలసిన ఆ పురము ప్రాచీన క్షేత్రము. దానిని ఏలిన రావు వంశమువారు వెలమ ప్రభువులు. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయముతో జమీందారులు సర్కారువారికి ఏటేట చెల్లింపవలసిన పేష్కషు ఇంతయని స్థిరపడిపోయెను. రైతులు జమీందారులకు చెల్లింపవలసినది మాత్రము అట్లు స్థిరపడలేదు. కొత్త భూములు సాగులోనికి వచ్చినకొలది, ధాన్యపు ధరలు పెరిగినకొలది కచేరీకి వచ్చు వసూలు పెరుగుచు వచ్చెను. వసూలునకును పేష్కషునకును నడుమ మిగులునదే జమీందారుని ఐశ్వర్యము. ఆంధ్రదేశమున సంస్థానాధీశులు కట్టించిన సత్రములు, పోషించిన పండితులు, నెలకొల్పిన పాఠశాలలు అన్నియు ఈ మిగులుబడినుండి పుట్టినవే. ఈ లెక్క తెలిసికొనక వారి దానములను గూర్చి మాటలాడుట కుదరదు.

సూర్యారావుగారి తండ్రి గంగాధర రామారావుగారు. ఈయన విద్యాభిమాని, కాకినాడ ఉన్నత పాఠశాల 1884లో కళాశాలయై పిఠాపురపు రాజావారి పేరు దాల్చినది ఈయన ఔదార్యము వలననే. చిరకాలము సంతానము లేకపోవుటచే 1873లో ఈయన ఒక బాలుని దత్తత చేసికొనిరి. పండ్రెండేండ్ల పిమ్మట, 1885 అక్టోబరు 5వ తేదీన, సూర్యారావుగారు జన్మించిరి. 1890లో తండ్రి గతించుచు సంస్థానమును వీలునామా మూలమున ఈ బాలునికి వ్రాసి పోయిరి. దత్తపుత్రులు న్యాయస్థానమునకెక్కిరి. బాలుని జన్మమును గూర్చియే వివాదము రేపబడినది. ఆ వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి 1899లో తేలెను. అవిభాజ్యమైన జమీందారీని ప్రభువు తన ఇష్టము వచ్చినవారికి వీలునామా మూలమున ఈయవచ్చుననియు, కావున జన్మ వివాదముతో పనిలేదనియు తీర్పు వచ్చినది. తాను పసివాడుగా నుండగనే తన పుట్టుకను గూర్చి న్యాయవాదులు వాదించుకొనిన బాలుని మనస్సు ఎట్లుండెనో ఊహింపవలసినదే.

ఈ తీర్పు హిందూ ధర్మశాస్త్ర న్యాయమున ప్రసిద్ధమైనది. 1918లో మరియొక పిఠాపురపు వ్యాజ్యమున కుటుంబమునకు చెందిన వేరొకరు సంస్థానమునుండి మనోవర్తి కోరగా, బంధుత్వము మాత్రముచేత అట్టి హక్కు కలుగదని ప్రీవీ కౌన్సిలువారు మరల నిర్ణయించిరి. రెండు తీర్పులను కలిపి చదివినచో సంస్థానపు రాబడి సంపూర్ణముగ ప్రభువు సొత్తు. ఆయన దానిని ఇచ్చినను దాచినను అడుగువారు లేరు. దాతృత్వమునకు ఇంతకంటె అనుకూలమైన చట్టము ఉండదు. అయితే ఆ రెండు వ్యాజ్యములలోను వాది ప్రతివాదులు రాజకుటుంబీకులే. శిస్తు చెల్లించిన రైతు వాటిలో కక్షిదారుడు కాడు. అతనికి ఆ ధనముతో సంబంధము కలదా లేదా అను ప్రశ్న న్యాయాధిపతుల యెదుటికి రానేలేదు. ఆ ప్రశ్న తరువాత ఇరువదియేండ్లకు వేరొక చోట వచ్చినది.

తండ్రి పోయిన పిదప సంస్థానము కోర్టు ఆఫ్ వార్డ్సువారి పాలనలోనికి పోయెను. సూర్యారావుగారికి మద్రాసునందలి న్యూయింగ్టనులో విద్యాభ్యాసము జరిగెను. చిన్న జమీందారులను ఆంగ్ల పద్ధతిని తీర్చిదిద్దుటకు ఏర్పడిన విద్యాలయ మది. అందు చదివినవారిలో గుఱ్ఱపు పందెములు, మోటారు బండ్లు మాత్రము నేర్చినవారును లేకపోలేదు. ఈయన ఆ త్రోవ తొక్కకుండుటకు కారణము రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి సాహచర్యమని అందరును ఒప్పుకొనినదే.

1862లో మచిలీపట్టణమున జన్మించిన నాయుడుగారు బ్రహ్మసమాజ మతావలంబులు. 1904 మొదలు సుమారు పదునైదేండ్లు పి. ఆర్. కళాశాలకు అధ్యక్షులై యుండిరి. తెల్లని దుస్తులు, మితభోజనము, పేద విద్యార్థులకు పంచగా మిగిలిన జీతముతో జీవనము, ఇది ఆయన పద్ధతి. వేశ్యానాట్యములను నిరసించి, మద్యపానమును ఖండించి, కులభేదమును తిరస్కరించి గోదావరి మండలమున ఒక తరము యువకులకు ఆయన గురువైరి. తరువాత 1925 మొదలు 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసి, 1939లో దివంగతులైరి. మహారాజావారు ఆయనను కళాశాలలోని ఉద్యోగిగా గాక గురువుగా భావించిరి. సంస్థానపు ధనము ఎచ్చటికి పోవలెనో నిర్ణయించుటలో ఈ నిర్ధనుని మాటకు ఎంతో విలువ యుండెను. సంపన్నుడైన దాతకు ఏమి ఇయ్యవలెనో తెలియకపోవుట తరచుగా జరుగునది. చుట్టును చేరినవారు చెప్పినదే ఆయనకు లోకమై పోవును. పిఠాపురమున ఆ స్థానమును ఆక్రమించినవాడు తనకొరకు ఏమియు కోరనివాడగుట ఆ మండలము చేసికొనిన పుణ్యము.

ఫలితములు కంటికి కనబడినవే. కళాశాలలో బాలురతోపాటు బాలికలును ఒకే తరగతిలో కూర్చుండి చదువుకొనిరి. అంటరానివారని ఊరివెలుపల నుంచబడిన కులముల పిల్లలకు ప్రవేశము దొరకెను. వీరికి వసతి గృహము, జీతము లేని చదువు, ఉపకార వేతనములు ఏర్పడెను. నేడు సర్కారు పాఠశాలలో ఎవరి పక్కన ఎవరు కూర్చుండిరని ఎవరును అడుగరు. కాని ఆ దినములలో తమ పిల్లలను కళాశాలనుండి మాన్పింతుమని బెదిరించు అగ్రవర్ణస్థులకు లొంగకుండుటకు అధ్యక్షునికి ధైర్యమొక్కటియే చాలదు. విద్యార్థుల జీతముల మీదనే కళాశాల బ్రదుకవలసినచో ఆ ధైర్యము ఎంతకాలము నిలుచును? లోటు పూడ్చుటకు పిఠాపురపు బొక్కసము వెనుక నుండెను గనుకనే నాయుడుగారు వంగనక్కరలేకపోయెను. పెద్ద ధనము చేయగల మేళ్లలో ఇది ఒకటి. ఇందుకొరకు చందాలు పోగుచేసియుండినచో ఎన్ని రూపాయలు వచ్చియుండునో ఆనాటి సమాజమును ఎరిగినవారు చెప్పగలరు.

కాకినాడలో అనాథ శరణాలయమును, బ్రహ్మసమాజ మందిరమును మహారాజావారి ద్రవ్యముతోనే వెలసినవి. ఆస్థానమున కవిపండితులకు కొదువలేదు. సాక్షి వ్యాసకర్తలు పానుగంటి లక్ష్మీనరసింహరావుగారును, వేంకట రామకృష్ణ కవులును అచ్చటివారే. ఈ జంటకవులకును తిరుపతి వేంకటకవులకును జరిగిన కవితా యుద్ధములను గూర్చి ఇప్పటికిని కథలు చెప్పుకొందురు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి తండ్రి, పెదతండ్రి సంస్థాన విద్వాంసులు. వైణిక శిరోమణి తుమరాడ సంగమేశ్వర శాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ ఠాకూరు ముగ్ధులై ఆయనను శాంతినికేతనమునకు పిలిపించుకొనిరి.

మహారాజావారి పేరు తెలుగుదేశమున ఇంటింట నిలిచినది సూర్యరాయాంధ్ర నిఘంటువు వలన. ఇచ్చటనే దాత ఇష్టము, లోకపు అవసరము అను రెంటి నడుమ ఎడము మిక్కిలి స్పష్టముగ కనబడును. 1911లో జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిరి. పాఠశాలలలో విద్యార్థులు గ్రాంథికమున వ్రాయవలెనా, శిష్టవ్యవహారమున వ్రాయవలెనా అను వాదము మండుచున్న కాల మది. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు వ్యావహారికపక్షమున నిలిచిరి; పరిషత్తు గ్రాంథికమునకు కోట యయ్యెను. మహారాజావారు పరిషత్తునకు పోషకులైరి. తెలుగునకు సమగ్రమైన నిఘంటువు కావలెనని వారు తలచి దాని భారమంతయు తామే వహించిరి. పండితులు ఏండ్లతరబడి కూర్చుండి కావ్యములనుండి ప్రయోగములను ఏరి చీటీలు వ్రాసిరి. తాళపత్రములు సేకరించిరి. మొదటి సంపుటము 1936లో వెలువడెను. అనగా ఇరువదియైదేండ్ల కృషి! ఇంతకాలము ఫలితము కంటబడకున్నను విసుగక ధనమిచ్చుచుండుట సామాన్యమైన ఓర్పు కాదు. ఏటేట బడ్జెటు సమర్పించి పద్దులు సమర్థించుకొనవలసిన ఏ కార్యాలయమును ఈ పనిని అట్లు నడిపియుండెడిది కాదని సర్కారు ఉద్యోగములలో నున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఆ నిఘంటువులో చేరిన తెలుగు ఏది? పూర్వకవుల ప్రయోగము గల మాటకు అందు ప్రవేశము. నాగలి పట్టినవాని మాటకు, వల వేసినవాని మాటకు, వంటయింటి మాటకు ప్రయోగము చూపలేనిచో ప్రవేశము లేదు. రామమూర్తి పంతులుగారు ఈ పద్ధతిని తీవ్రముగ విమర్శించిరి. అంతకు ఎనుబది యేండ్లకు పూర్వమే సి. పి. బ్రౌను దొర తన జీతపు రాళ్లు ఖర్చుచేసి, అప్పులుపడి కూర్చిన నిఘంటువులో బజారు మాటలకును చోటిచ్చెను. సంస్థానపు రైతులు చెల్లించిన శిస్తుతో అచ్చుపడిన నిఘంటువులో ఆ రైతుల మాటలకు చోటు చాలలేదనుట కఠినముగ తోచవచ్చును గాని అసత్యము కాదు. మహారాజావారు పండితులను నిర్బంధించిరని ఎవరును అనలేదు. వారు నిర్బంధింపవలసిన పనియే లేకపోయెను. ఒక పక్షమునకు ధనముండి మరియొక పక్షమునకు లేనప్పుడు ధనముగల పక్షపు గ్రంథమే అచ్చగును. రామమూర్తి పంతులుగారి వెనుక పిఠాపురము వంటి సంస్థానము నిలిచియున్నచో మన నిఘంటువు ఎట్లుండెడిదో!

రాజకీయములలోను ఇట్టి చిక్కే వచ్చినది. నాయుడుగారి శిష్యులై కులభేదమును నిరసించిన మహారాజావారు జస్టిసు పార్టీ పక్షముననుండి, తరువాత 1936లో ప్రజాపార్టీ యను పేర వేరొక కక్షిని స్థాపించిరి. వారి కళాశాల గల కాకినాడలోనే 1923లో మౌలానా మహమ్మదాలీగారి అధ్యక్షతను కాంగ్రెసు మహాసభ జరిగెను. ఆ సందర్భమున ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూగారిని ఆపిన బాలిక దుర్గాబాయిగారు. ఆమెయే ముప్పదియేండ్లకు, 1953లో, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను. ఈ దీవులతో సంబంధమున్న మరియొక విషయమును ఇచ్చట చెప్పవలసియున్నది: 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడి ఈ పోర్టుబ్లెయిరు సెల్యులారు జైలునకు వచ్చిన ప్రతివాది భయంకర వేంకటాచారిగారిని ఆ కాలపు కాకినాడయే తయారుచేసినది. రాజావారి కాకినాడయు, వేంకటాచారిగారి కాకినాడయు ఒక్కటే పట్టణము.

1937 ఎన్నికలలో ప్రజాపార్టీ ఓడిపోయెను. అదే ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని వి. వి. గిరిగారు ఓడించిరి. ఓట్లు వేసినవారిలో జమీందారీ రైతులు అనేకులు. అప్పటికే ఎన్. జి. రంగాగారు మొదలైనవారు రైతులను కూడగట్టియుండిరి. రాజావారు అన్ని ధర్మములు చేయగా రైతులు కృతఘ్నులైరని ఆనాడు కొందరు వాపోయిరి. ఈ మాటలో గల పొరపాటును గమనింపవలెను. ధర్మము పొందినవారు కాకినాడలో చదువుకొన్న విద్యార్థులు, పండితులు, అనాథలు. ధనము చెల్లించినవారు పల్లెలయందలి రైతులు. చెల్లించినవాడు ఒకడు, పొందినవాడు ఒకడు అయినప్పుడు మొదటివానినుండి కృతజ్ఞతను ఎదురుచూచుట ఎట్లు? రైతుబిడ్డ ఆ కళాశాలలో చేరి చదివినచోట మాత్రము ఈ లెక్క కొంత సరిపడినది. అట్టివారును కొందరుండిరి, కాని శిస్తు చెల్లించిన గ్రామములన్నిటికిని అట్టి భాగ్యము లేదు.

ప్రకాశము పంతులుగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1938లో జమీందారీ గ్రామముల స్థితిని విచారించి నివేదిక నిచ్చెను. భూమి రైతుదేననియు, జమీందారు శిస్తు వసూలుచేయువాడు మాత్రమేననియు, 1802 నాటి స్థాయికి శిస్తును తగ్గింపవలసినదనియు ఆ సంఘము తేల్చినది. ప్రీవీ కౌన్సిలు తీర్పులలో తావులేని రైతు ఇచ్చట కక్షిదారుడయ్యెను. ఈ వాదము సత్యమైనచో నూటముప్పది యేండ్లుగా జమీందారులు దానము చేసినది తమ ధనము కాదు. రైతులకు తిరిగి ఈయవలసినది. ఈ వాదమును జమీందారులు అంగీకరింపలేదు, అంగీకరింతురని ఎవరును అనుకొనలేదు.

ఇది పిఠాపురమునకు మాత్రమే చెందిన చిక్కు కాదు. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ వేలకొలది గ్రంథాలయములకు ధనమిచ్చెను. ఆయన ఉక్కు కర్మాగారమున 1892లో జీతముల తగ్గింపునకు ఒప్పుకొనని కార్మికులకును, యాజమాన్యపు సాయుధ కాపలాదారులకును పోరాటము జరిగి ప్రాణములు పోయినవి. జీతములు పెంచి గ్రంథాలయములు తగ్గించియుండవలసినదని అచ్చటి కార్మికులు అన్నచో తప్పుపట్టలేము. కాకినాడకే వచ్చినచో మల్లాడి సత్యలింగ నాయకరుగారి చరిత్ర వేరొక తీరు. కోరంగి ప్రాంతమున అగ్నికులక్షత్రియ కుటుంబమున పుట్టి, రంగూను రేవులో ఓడల సరకు దింపు గుత్తలచేత ధనము గడించి, ఆ యాస్తిని వీలునామా మూలమున ధర్మసంస్థకు వ్రాసిరి. ఆ రేవులో చెమటోడ్చినవారును మన తీరప్రాంతపు తెలుగు కూలీలే. బయానా అప్పులు తీర్చుకొనుచు, మేస్త్రీల అజమాయిషీలో బ్రతికినవారే. 1930 మే నెలలో రంగూనులో చెలరేగిన అల్లరులలో అట్టివారు ఎందరో మడిసిరి. జయపురపు విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలిచ్చిరి. ఆ సంస్థానమున గిరిజన రైతులును కలరు. వీరందరిలో వెనుకకు తిరిగి, ఈ ధనము ఎచ్చటనుండి వచ్చెనో అచ్చటికే ముందు పోవలెను అని పలికినవారు అరుదు. మహారాజావారును పలికినట్లు లేదు.

వారి పక్షమున చెప్పవలసినది కూడ కలదు. అదే శిస్తులు వసూలుచేసిన జమీందారులు ఆంధ్రదేశమున అనేకులుండిరి. వారిలో పెక్కుర ధనము వేటలకును, వ్యాజ్యములకును, మద్రాసు బంగళాలకును పోయినది. చట్టము మారనంతవరకు రైతు అందరికిని ఒకే తీరుగ చెల్లించెను. పిఠాపురమున మాత్రము ఆ ధనమునుండి ఒక పంచమ బాలుడు పుస్తకము పట్టెను, ఒక అనాథ అన్నము తినెను.

1947లో మద్రాసు ప్రభుత్వము జమీందారీ శిస్తులను తగ్గించు చట్టమును, 1948లో నష్టపరిహారమిచ్చి జమీందారీలను రద్దుచేయు చట్టమును చేసెను. నిఘంటువు అప్పటికి నాలుగు సంపుటములు వెలువడినవి. నాలుగవది 1944 నాటిది. జమీందారీ పోయిన పిదప మునుపటివలె వ్యయము చేయుటకు రాబడి లేదు. నూరు కుటుంబములకు ఆధారమైన ఒక్క చేయి ఆగిపోయినచో ఏమగునో పండితులకు, శరణాలయమునకు, విద్యార్థులకు అప్పుడు తెలిసివచ్చినది. మహారాజావారు 1964లో దివంగతులైరి.

1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ నిఘంటు కార్యమును చేపట్టి మిగిలిన సంపుటములను వెలువరించెను. ఆ వ్యయము ప్రభుత్వముది, అనగా పన్నులు చెల్లించిన ప్రజలది. వారిలో పూర్వపు పిఠాపుర సంస్థానపు రైతుల బిడ్డలును కలరు. కళాశాల ప్రభుత్వపరమైనది. నేడది ప్రభుత్వ కళాశాలయే గాని పిఠాపురపు రాజావారి పేరు తొలగింపలేదు. నిఘంటువు కడపటి సంపుటముపైనను సూర్యరాయాంధ్ర నిఘంటువు అనియే అచ్చువేసిరి.